జ్వాలా నరసింహుడి దారిలో ఎర్ర గీత ఎక్కడ గీయాలి?

అహోబిలంలో జ్వాలా నరసింహుడి గుడి దారిని చూసుకునే పెద్దలందరికీ,

నమస్కారం.

ఆ దారిలో చెట్లు ఒకరి లెక్కలో ఉంటాయి, గుడి ఒకరి లెక్కలో, మెట్లూ ఇనుప కమ్ములూ ఇంకొకరి లెక్కలో. వంకలో వచ్చే నీళ్లు మాత్రం ఎవరి లెక్కలోనూ ఉండవు. నేను రాసేది ఆ నీళ్ల గురించే కాబట్టి అందరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను. ఇది ఫిర్యాదు కాదు. ఆరోజు జరిగినదాంట్లో తప్పెవరిదని అడిగితే, నాది.

మాది కర్నూలు. కేసీ కాలువ మీద లస్కరుగా, అంటే కాలువ కాపలా మనిషిగా చేరి, వర్క్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాను. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయల్దేరి కడప దాకా పోయే ఆ కాలువ గట్టు మీద నా ఉద్యోగమంతా ఒకటే పని: గేజి, అంటే నీటి మట్టం చూపే కొలబద్ద చూడడం, ఎంతుందో రాసుకోవడం, పైవాళ్లకు చెప్పడం. పారే నీళ్లను కంటితో చూసి ఇన్ని క్యూసెక్కులని సుమారుగా చెప్పగలనని నాకు కాస్త పొగరు కూడా ఉండేది. పోయిన ఏడు సెప్టెంబరులో అహోబిలం కొండల్లో పారే భవనాశిని వంక ఆ పొగరు దించింది.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక అహోబిలం నంద్యాల జిల్లాలోకి పోయింది. మా ఇంట్లో అది ఇప్పటికీ కర్నూలు జిల్లానే. పెళ్లయినా, ఉద్యోగం వచ్చినా, మనవడు పుట్టినా ఒకసారి అహోబిలం పోయి రావాల్సిందే. ఆళ్లగడ్డ మీదుగా దిగువ అహోబిలం, అక్కడి నుంచి ఎనిమిది కిలోమీటర్లు పోతే ఎగువ అహోబిలం. బండ్లు అక్కడితో ఆగిపోతాయి. ఎగువ గుడి దాటాక భవనాశినిని పట్టుకుని కొండల నడుమకు నడవాలి. ముందు క్రోడ నరసింహస్వామి గుడి వస్తుంది. ఆ తర్వాత వంకను ఇటు నుంచి అటూ అటు నుంచి ఇటూ దాటుకుంటూ, బండలెక్కుతూ, మెట్లెక్కుతూ పోవాలి. మొత్తం నాలుగు కిలోమీటర్లే అంటారు గానీ మోకాళ్లు ఒప్పుకోవు.

గుడికి కాస్త ముందు దారి ఒక పెద్ద చరియ కిందికి దూరుతుంది. వానలు పడిన కాలంలో పైనుంచి వచ్చే నీళ్లు ఆ చరియ అంచు మీదుగా దూకుతాయి. దారి ఆ నీళ్ల వెనక నుంచి పోతుంది. వీపు బండకు, ముఖం నీళ్లకు. అవతల లోయ, లోయలో అడవి, అన్నీ నీళ్లలోంచే కనపడతాయి, తడి అద్దంలో చూసినట్టు.

నన్ను మొదటిసారి అక్కడికి తీసుకుపోయింది మా జేజి, అంటే మా అవ్వ. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. ఆమె చేతిలో ఒక కట్టె, కొంగున బొరుగుల మూట. నీళ్ల వెనక్కి పోగానే నేను నిలబడిపోయాను. చెవుల్లో హోరు తప్ప ఇంకేమీ లేదు. జేజి ఏదో చెప్తోంది, పెదాలు కదులుతున్నాయి, మాట మాత్రం రావడం లేదు. ఏం చెప్పిందో బయటికొచ్చాక అడిగితే, "నిన్నేమీ అనలేదు లేరా, సామితో మాట్లాడుతుంటి" అంది. ఈ సంగతి ఇక్కడ ఊరికే రాయడం లేదు. ఆ హోరులో పక్కనున్న మనిషి మాట కూడా వినపడదన్నది గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

ఆ ఖాళీ అక్కడ ఎందుకుందో రిటైరయ్యాక చదువుకున్నాను. నల్లమల కొండల్లో గట్టి రాయి, మెత్తరాయి పొరలు పొరలుగా ఉంటాయి. గట్టిది క్వార్ట్‌జైట్, మెత్తది పలకరాయి జాతి. మన కడప పేరుతో, కర్నూలు పేరుతో భూగర్భ శాస్త్రంలో రాతి వరుసలే ఉన్నాయి. 1872లో విలియం కింగ్ అనే ఆయన ఈ కొండలను వివరించి రాశాడు. ఇక్కడి రాళ్ల వయసు వంద కోట్ల ఏళ్ల పైమాటే. పైనున్న గట్టి రాయి నీళ్లకు లొంగదు. కిందనున్న మెత్తరాయి తుంపరలకు నాని, విడి, రాలిపోతుంది. అట్లా కింద డొల్లయి పైన చూరులాగా మిగిలిందే మనం నడిచే చోటు. చూరు ఉన్నందుకే నీళ్లు మన మీద పడకుండా ముందుకు దూకుతాయి. జలపాతాల వెనక నడవగలిగే చోట్లు లోకంలో ఎక్కడున్నా సామాన్యంగా ఇదే కథ.

మా జేజికి ఇదంతా చెప్పి ఉంటే, సామి గోటితో గీరితే డొల్లయిందని చెప్పి నా నోరు మూయించేది.

ఇక ఆరోజు. నేను, మా అమ్మాయి, తొమ్మిదేళ్ల మనవడు. ఆదివారం. ఆళ్లగడ్డలో ఉగ్గాని, బజ్జి తినేసరికే పొద్దెక్కింది, ఎగువ గుడిలో దర్శనం అయ్యేసరికి పన్నెండు దాటింది. వంక మొదట్లో చెంచు మనిషి ఒకాయన డోలీ దించి చెట్టు కింద కూర్చుని ఉన్నాడు. నా తెల్ల జుట్టు చూసి డోలీ కావాలా అని అడుగుతాడేమో అనుకున్నాను. ఆయన అడగలేదు.

"సామీ, పైన మొయిలు పట్టింది. పోతే పోండి గానీ బిరీన దిగండి" అన్నాడు.

నేను తలెత్తి చూశాను. రెండు కొండల మధ్య కనపడేది చాపంత ఆకాశం. నీలంగా ఉంది.

"ఎండ కాస్తాండాది కదప్పా."

"ఈడ ఎండే సామీ. నేను చెప్పేది ఆడ."

ఆయన చెయ్యి చూపించిన వైపు నాకు కొండ తప్ప ఏమీ కనపడలేదు. సరే అని నవ్వి ముందుకు నడిచాను. ముప్పై ఏళ్లు నీళ్లతో బతికినవాడిని, నాకు చెప్తాడా అని లోపల అనుకున్న మాట నిజం.

పైన బాగానే జరిగింది. మరీ బాగా జరిగింది, అదే తంటా. దర్శనం పావుగంటలో అయిపోయింది గానీ నీళ్ల వెనక ముప్పావుగంట ఉన్నాం. మనవడు నీళ్లలో చెయ్యి పెట్టడం, తీయడం, మళ్లీ పెట్టడం. కర్నూలు నుంచి, అనంతపురం నుంచి మోటారు సైకిళ్ల మీద వచ్చిన పిల్లలు వీడియోలు తీసుకుంటున్నారు. ఇద్దరు మనుషులు ఎదురైతే ఒకరు బండకు అంటుకోవాల్సిన ఇరుకు. అక్కడే ఒకతను కమ్మి మీద కాలు పెట్టి ఫొటోకు నిలబడ్డాడు. ఇంకో నలుగురు ధార కింద తలంటుకుంటున్నారు. షాంపూ నురగ దారి మీదికి పారి పాచికి తోడైంది. స్నానం పుణ్యమే, కాదనను. ఆ షాంపూ పొట్లం ఇంట్లో పెట్టి వస్తే పుణ్యం తగ్గదు కదా.

దిగేటప్పుడు మొదటి దాటుడు దగ్గర నీళ్లు కాస్త పెరిగినట్టు అనిపించింది. రెండోదాని దగ్గర నీళ్లలో ఎండుటాకులు, చిన్న పుల్లలు కొట్టుకొస్తున్నాయి. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి రంగు మారిపోయింది, ఇటుకరాయి అరగదీసినట్టు ఎర్రగా. పొద్దున మేం అడుగు పెట్టి దాటిన రాళ్లు కనపడడం లేదు. మా తల మీద ఒక్క చినుకు పడలేదు.

"తాతా, రక్తకుండం పొంగిందా?" అన్నాడు మనవడు. పైన జ్వాలా నరసింహుడి గుడి దగ్గర, హిరణ్యకశిపుణ్ని చంపాక స్వామి చేతులు కడుక్కున్నాడని చెప్పే గుండం వాడికి అప్పుడే చూపించి వచ్చాం.

మాకంటే ముందు ఐదుగురు కుర్రోళ్లు చేతులు పట్టుకుని దిగారు. నడుమ ఉన్నవాడి కాలు జారింది. గొలుసులాగా అందరూ ఊగారు. వాడి చెప్పులు, ఫోను పోయాయి, మనిషి మాత్రం అవతలి గట్టు వేరు పట్టుకుని బయటపడ్డాడు. అది చూసి కూడా నేను లెక్క వేశాను, చూడండి. మోకాలి లోతు, ముప్పై అడుగుల వెడల్పు, దాటొచ్చు అనుకున్నాను. మనవణ్ని భుజాన వేసుకుని రెండడుగులు వేశాను. రెండో అడుగులో కాలు నేలకు ఆనలేదు. నీళ్లు నన్ను పక్కకు తోయలేదు, పైకి లేపాయి. వెనక నుంచి మా అమ్మాయి చొక్కా పట్టి లాగింది. ఆ పిల్ల చెయ్యి ఆ క్షణంలో అక్కడ లేకపోతే ఈ ఉత్తరం రాసేవాణ్ని కాను.

అప్పుడు చూశాను అవతలి గట్టు మీద పొద్దుటి చెంచు మనిషిని. నోరు తెరిచి అరుస్తున్నాడు, వినపడడం లేదు. రెండు చేతులూ పైకెత్తి అరచేతులు మాకు చూపించాడు. తర్వాత తానే నేల మీద చతికిలబడి కూర్చున్నాడు. కూర్చోండి అని చెప్పడానికి అంతకంటే మంచి సైగ లేదు. కూర్చున్నాం. మా వెనక వచ్చినవాళ్లను కూడా కూర్చోబెట్టాం. గంటన్నర గడిచింది. వంక ఎంత తొందరగా లేచిందో అంత తొందరగానే దిగింది. పొద్దుటి రాళ్లు మళ్లీ బయటపడ్డాయి. ఆయనే ఇటు వచ్చి మనవణ్ని ఎత్తుకుని దాటించాడు.

డబ్బులిస్తే తీసుకోలేదు. బదులుగా ఒక బండ చూపించాడు. మనిషి నిలువు కంటే కాస్త ఎత్తు, ఏనుగు కూర్చున్నట్టు ఉంటుంది.

"ఆ బండ నడుముకు నీళ్లొస్తే మా వాండ్లు ఎవురూ దిగరు సామీ. మొదట ఆకు వస్తాది, ఆమీద ఎర్రనీళ్లు, ఆమీద రాళ్ల సద్దు. ఆకు వచ్చినప్పుడే గట్టెక్కాల."

నా ఉద్యోగమంతా నేను చూసిన గేజి అది. రంగు లేదు, అంకెలు లేవు, అంతే తేడా.

ఇంటికొచ్చాక కాగితం మీద లెక్క వేసి చూసుకున్నాను. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీళ్లు, ఘనపుటడుగు నీళ్ల బరువు 28 కిలోల పైచిలుకు. వంద క్యూసెక్కులంటే మా కాలువ మీద లెక్కలోకే రాదు. అవే వంద క్యూసెక్కులు కొండ వంకలో వస్తే సెకనుకు 2,800 కిలోల బరువు మన కాళ్లను తోసుకుంటూ పోతున్నట్టు. కాలువకు వాలు మైలుకు అడుగో అరడుగో ఉంటుంది, అందుకే నీళ్లు నిదానంగా పోతాయి. కొండలో వాలు ఎక్కువ, నీళ్ల వేగం ఎక్కువ. వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది. మోకాలి లోతు అని నేను చూసింది లోతునే. చూడాల్సింది వేగాన్ని.

కాలువలో నీళ్లు పెంచితే కింది ఊరికి చేరడానికి గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. ఫోన్ చేసి చెప్పడానికి కావాల్సినంత టైముంటుంది. కొండ మీద బండలు వానను తాగవు. పడినదంతా అప్పుడే జారి లోయలోకి వస్తుంది. కింద నిలబడినవాడికి ఆ వాన కనపడదు, ఉరుము కూడా ఒక్కోసారి వినపడదు. పై నీళ్లంటే ఏంటో కర్నూలు వాళ్లకు ఒకరు చెప్పాలా? 2009 అక్టోబరు 2న తుంగభద్ర మా వీధుల్లోకి వచ్చింది. ఆ నీళ్లలో ఎక్కడో పైన, కర్ణాటకలో పడిన వాన కూడా ఉంది. అది తెలిసినవాణ్ని అయ్యుండీ చాపంత ఆకాశం చూసి మోసపోయాను.

ఇప్పుడు అసలు మాట. జాగ్రత్త అని బోర్డు పెట్టాలంటే ఎవరైనా జలపాతం దగ్గరే పెట్టాలనుకుంటారు. భయం వేసేది అక్కడే కాబట్టి. నీళ్ల వెనక ఉన్నంతసేపు పైన చూరు ఉంది, పక్కన కమ్మి ఉంది. బుద్ధిగా నడిస్తే అక్కడ ప్రమాదం తక్కువ. లోపలికి దూరే చోటా బయటికొచ్చే చోటా పైనుంచి రాయి పడే భయం ఉంది, అక్కడ నిలబడకుండా దాటిపోవాలి, అంతే. మనుషులు కొట్టుకుపోయేది కింద, వంక దాటే చోట. చూడ్డానికి ఏమీ లేని చోట, ఎవరూ ఫొటో తీయని చోట. పైన విజిల్ వేసినా ఉపయోగం లేదు, ఆ హోరులో మా జేజి మాటే నాకు వినపడలేదు. నా ఫోన్‌కు సిగ్నల్ కూడా లేదు. ఆపాల్సింది వంక మొదట్లోనే, మనిషి ఇంకా పైకి పోకముందే.

అందుకని నేను అడిగేది పెద్దది కాదు. వంక దాటే ప్రతిచోటా ఒక బండ మీద ఎర్ర గీత గీయించండి. నీళ్లు గీతను తాకితే దిగకూడదు, గీత కిందికి పోయేదాకా కూర్చోవాలి. తెలుగు చదవడం రానివాళ్లు కూడా వస్తారు, తమిళనాడు నుంచి, కర్ణాటక నుంచి బస్సులకు బస్సులు వస్తాయి. గీతకు భాషతో పని లేదు. ఎంత ఎత్తున గీయాలో ఇంజనీరును అడక్కండి. నన్ను అసలే అడగొద్దు. గూడెంలో చెంచు పెద్దలను అడగండి. వాళ్లకు ప్రతి బండ నడుమూ తెలుసు.

రెండోది, వానలు మొదలైనప్పటి నుంచి కార్తీకం పోయేదాకా ఆ గూడెం కుర్రోళ్లను ఇద్దరిని రోజుకూలి మీద వంక మొదట్లో పెట్టండి. ఉత్త విజిల్ ఇస్తే సరిపోదు, ఆపే అధికారం ఇవ్వాలి. వాడు వద్దంటే ఎంత పెద్ద ఆఫీసరైనా ఆగాలి. శని, ఆదివారాల్లో, స్వాతి నక్షత్రం రోజుల్లో జనం ఎక్కువ కాబట్టి ఇంకో ఇద్దరు కావాలి. చెంచులక్ష్మి వాళ్ల ఆడబిడ్డ, నరసింహుడు వాళ్లకు అల్లుడు. కనుమనాడు పారువేటకు, అంటే వేట ఉత్సవానికి బయల్దేరే స్వామి పల్లకీ మీద బాణం వేసే హక్కు కూడా వాళ్లదే. అల్లుడి గుడి దారిలో నిలబడి నలుగురిని ఆపే హక్కు వాళ్లకు కొత్తగా ఇస్తున్నామని ఎవరూ అనుకోనక్కర్లేదు.

మూడోది టైము. సెప్టెంబరు, అక్టోబరులో ఉరుముల వానలు ఎక్కువగా మధ్యాహ్నం తర్వాతే పట్టుకుంటాయి. ఆ రోజుల్లో పన్నెండు దాటాక ఎవరినీ పైకి వదలకండి. నాలాగా ఉగ్గాని తిని తాపీగా వచ్చేవాళ్లు రాత్రికి ఎగువలోనో దిగువలోనో పడుకుని తెల్లారి పోతారు. నష్టమేమీ లేదు.

ఇంత గొడవెందుకు, వానాకాలమంతా దారి మూసేస్తే పోలేదా అని మీలో కొందరికి అనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. మూడు నాలుగు నెలలు తప్ప అక్కడ నీళ్లే ఉండవు. రాయలసీమలో పుట్టినవాడికి నీళ్ల వెనక నిలబడడమంటే ఏంటో మీకు తెలియంది కాదు. అనంతపురం నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఆరోజు ఆ ధారను చూసి దండం పెట్టాడు. గుడి ఇంకా అవతల ఉంది సామీ అంటే, "ఉండనీలే, ముందు దీనికి" అన్నాడు. మూసేస్తే ఇంకో సంగతి కూడా ఉంది. గేటు ఉంటే గేటు పక్క నుంచి దారి పుడుతుంది, ఆ దారి మీకు కనపడదు.

ఐస్‌ల్యాండులో 60 మీటర్ల ఎత్తున్న సెల్యలాండ్స్‌ఫాస్ అనే జలపాతం వెనక కూడా ఇట్లాంటి కాలిబాటే ఉందని మా అమ్మాయి ఫోన్‌లో చూపించింది. బాట మీద మంచు గట్టిపడి కాలు నిలవని రోజుల్లో అక్కడ మూసేస్తారట, కరిగాక తెరుస్తారట. క్యాలెండరు చూసి కాకుండా బాటను చూసి. అది నాకు నచ్చింది.

ఈమధ్య ఎక్కడ కొండ కనపడినా అద్దాల వంతెన కట్టాలనే మాట వింటున్నాం. నీళ్ల వెనక రేకుల కప్పు, రంగు లైట్లు, పాటల పెట్టె, ఇట్లాంటి ఆలోచన ఎవరికైనా ఉంటే అక్కడితో ఆపేయండి. ఆ చరియ మెత్తరాయి మీద నిలబడి ఉంది. దానికి మేకులు కొట్టి బరువులు వేలాడదీస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంజనీరే కావాలా? వెయ్యేళ్లకు ముందే తమిళ వైష్ణవ భక్తకవి తిరుమంగై ఆళ్వారు ఈ కొండను పాడుతూ, దేవతలకు తప్ప ఇంకెవరికీ పోశక్యం కాని చోటన్నాడు. ఆయన మాట మరీ నిజం చేయాల్సిన పని లేదు, అట్లాగని ఎగ్జిబిషన్ చేయాల్సిన పనీ లేదు. మెట్లు, కమ్ములు ఉన్నాయి. అవి గట్టిగా ఉంటే చాలు.

వచ్చే కార్తీకంలో మళ్లీ వస్తున్నాను. మోకాళ్లు సహకరిస్తే పైదాకా, లేకుంటే వంక మొదటి దాకా. తడిసినా పోని ఎర్ర రంగు రెండు డబ్బాలు కర్నూలులో కొని పెట్టాను, బ్రష్షులు కూడా. కాలువ గేజీలకు అదే రంగు వాడేవాళ్లం, ఎన్ని వరదలు పోయినా అంటుకునే ఉండేది. మీరు సరేనని ఒక ముక్క రాస్తే రంగు నాది, కూలి నాది. బండ ఏదో చూపించే మనిషి వంక మొదట్లో చెట్టు కింద డోలీ దించి కూర్చుని ఉంటాడు.

ఇట్లు,
కేసీ కాలువ మీద పనిచేసి రిటైరైన ఒక కర్నూలు వాసి